పెట్టె అడుగున దొరికిన కట్ట

అక్కయ్యా,

నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. పత్రికలో నా వ్యాసాలు చూసి సోమవారం పోలీసులొచ్చి గది సోదా చేశారు. బీరువా నిండా ఉన్న రాజకీయాల పుస్తకాలు ముట్టుకోలేదు. పెట్టె అడుగున అమ్మ కార్డుల కట్ట దొరికింది.

“ఇవెందుకు దాచారండీ?” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“మా అమ్మ రాసినవండీ.”

“దాచారంటే అసలు సంగతి వీటిలోనే ఉంటుంది” అని పట్టుకుపోయాడు. కాదనలేకపోయాను.

బావ మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కప్పు ఇంకా కారుతోందా? అమ్మ కార్డు నీ దగ్గర ఒక్కటున్నా పోస్టులో వెయ్యకు, ఎవరైనా వస్తుంటే చేతికిచ్చి పంపు. పిల్లలకు నా ఆశీస్సులు.

నీ తమ్ముడు

అక్కయ్యకంటే ముందు ఈ కార్డు చదివే అయ్యకు: చలిలో చెవులు కప్పుకోమని అమ్మ రాసింది, మీరూ కప్పుకోండి. కట్ట మాత్రం తిరిగివ్వండి. ఆవిడ ఇక రాయదు.