ఆకు కాడ రాయి

బాపూ,

నా చిన్నప్పుడు నువ్వు బొగ్గుబాయి నుంచి టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చిన ఆకు అచ్చు రాయి ఇవాళ నా ఎనిమిదో తరగతి పిల్లల చేతుల్లో తిరిగింది. నాలుక లాంటి ఆకు, మధ్యలో ఈనె, ఏదీ చెరగలేదు. డైనోసార్లు పుట్టకముందు ఇక్కడ అడవి ఉండేదని, అది బురదలో కూరుకుపోయి, పొర మీద పొర పడి బొగ్గయిందని చెప్పాను. బొగ్గు మీది రాతిలో ఇలాంటి ఆకుల అచ్చులు మిగిలాయని, దీన్ని మా బాపు బాయిలోంచి తెచ్చాడని అన్నాను.

ఒక పిల్ల లేచింది. "టీచర్, మా తాత గూడ బొగ్గుబాయిల పనిచేసిండు. పైకప్పుల ఆకులు కనబడితే ఆడ నిలబడొద్దంటడు. ఆకు కాడ రాయి ఇడుస్తదట, ఊడి మీద పడ్తదట."

పాఠం అక్కడే ఆపేశాను.

రోజూ పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విన్నాకే దాని కింద అడుగు పెట్టేవాడివి. ఆకుల సంగతి నీకు తెలియనిదా? నీ మీద కప్పు కూలిన రోజు, పనే లేని ఆ మూలకు ఎందుకు పోయావని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

ఆ పొద్దున నువ్వు డ్యూటీకి పోతుంటే, "ఇంకో ఆకు తెస్తవా బాపూ?" అన్నాను.

"తెస్త బిడ్డా," అన్నావు.