గంగులయ్య నీడ

ఏప్రిల్ 21

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, నా ఎడమ చెప్పు ఈ ఉదయం మదనపల్లె టమాటా మార్కెట్లో పదవీ విరమణ చేసింది. పెన్షన్ లేదు, సన్మానం లేదు. కుడి చెప్పు కాంట్రాక్టు పద్ధతిలో కొనసాగుతుంది.

రెండో వార్త. మా మండీ యజమాని రాజేంద్ర రేకుల షెడ్డు పీకేసి ఆ జాగాలో గ్రేడింగ్ మిషన్ పెడతాడట. హమాలీలం నడుం వాల్చేది, కాయలు ఏరే ఆడవాళ్లు సంగటి తినేది అందులోనే. యార్డులో మాకు వేరే నీడ లేదు. మేము యాడ కూర్చోవాలప్పా అని ఏరేవాళ్లలో పెద్దామె గౌరమ్మ అడిగితే, పనికొచ్చినోళ్లకు కూర్చునే పనేముండాదమ్మా అన్నాడు.

ఏప్రిల్ 23

షెడ్డుకు తాళం వేశారు. గౌరమ్మ ఎండకు కళ్లు తిరిగి క్రేట్ల మీద పడింది. మొహాన నీళ్లు కొట్టి లేపితే, పూట కూలి కోస్తారా అని అడిగింది.

నాకు ఒళ్లు మండింది.

ఏప్రిల్ 25, పొద్దున 5

తాళం పగలగొట్టలేదు. దానికి పూలదండ వేశాను. తలుపు మీద ఫోటో. కింద నా చేతిరాత: కామ్రేడ్ గంగులయ్య విశ్రాంతి మందిరం.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన ఏడాది కుప్పం గూడ్స్ షెడ్డులో హమాలీ సంఘం పెట్టిన మనిషి. మూట దించి నీడన కూర్చునే హక్కు కోసం కొట్లాడి, మూట కిందే పోయాడు.

అదే రోజు సాయంత్రం

జనం మూగారు. టెన్త్ తప్పినవాడి ఉపన్యాసం విన్నారు. యుద్ధం అయింది, దొర పోయాడు, మూట మాత్రం మన వీపు దిగలేదు అన్నాను. దించింది గంగులయ్య లాంటివాళ్లు. ఎనిమిది గంటల పని, వారం సెలవు, సంఘం బోర్డు, అన్నీ కొట్లాడి తెచ్చుకున్నవే. తొంభై ఒకటిలో సరళీకరణ వచ్చాక లారీ పెద్దదైంది, మండీ పెద్దదైంది. సంఘం చిన్నదైంది, నీడ ఇంకా చిన్నదైంది. మిషన్ మీద నాకు పగ లేదు. అది మా బరువు మోయాలి గానీ మా నీడ తినకూడదు.

యాల నాయనా ఈ ఏషాలు, మా తాత కాలం నుంచి మండీ చేస్తాండాము, ఈ గంగులయ్య పేరు ఇనలేదే అన్నాడు రాజేంద్ర. మీ తాత వినే మనిషైతే ఆయన చచ్చేవాడే కాదు అన్నాను.

అప్పుడు గౌరమ్మ ముందుకొచ్చి, మా నాయన ఆయన పక్కనే మూట మోసినాడు, ఇద్దరూ ఒకే బీడీ తాగినారు అనింది. నేను నోరెళ్లబెట్టాను.

ఏప్రిల్ 26

నిజం కనుక్కోమని రాజేంద్ర తన గుమాస్తా జయచంద్రను కుప్పం పంపాడు. నా అన్నం కుక్కకు పెట్టాను.

ఏప్రిల్ 28

జయచంద్ర వచ్చాడు. స్టేషన్ దగ్గర ముసలి హమాలీలను అడిగాడట. గంగులయ్యా, తెలీకేం అన్నాడట ఒకాయన. ఇంకొకాయన ఆయన పడిపోయిన జాగా చూపించాడట. మూడో ఆయన ఏడ్చాడట. పైగా, దినం చేస్తాండారా, మాకు ఒక మాట చెప్పలేదే అని జయచంద్ర మీదికే తగువుకు వచ్చారట.

ఏప్రిల్ 29

ఒక్క క్రేటు ఎత్తలేదు మేము. టమాటా ఎండలో ఎంతసేపు ఆగుతుంది. మధ్యాహ్నానికి తాళం తీశారు, మిషన్ గోడవతల పెట్టుకుంటామన్నారు. గౌరమ్మ అందరికంటే ముందు లోపలికి పోయి కాళ్లు చాపుకుంది.

మే 2

ఇందుమూలంగా నాకు మాత్రమే తెలియజేయడమేమనగా, గంగులయ్య అనే మనిషి లేడు. నేనే పుట్టించాను. డైరీకి కూడా అబద్ధం రాశాను. ఫోటోలో ఉన్నది పుంగనూరు స్టూడియోలో ఎవరూ తీసుకుపోని పెళ్లికొడుకు. పక్కనున్న పెళ్లికూతుర్ని కత్తిరించాను. కుప్పంలో ముసలాయన ఎవరి కోసం ఏడ్చాడో నాకు తెలియదు.

ఎల్లుండి గంగులయ్య వర్ధంతి. పని బంద్.