సెలవులోనూ మీటింగేనా?

తమ్ముడు పరమేష్‌కు, శామీర్‌పేటలో అందరం బాగున్నాం. వాట్సాప్‌లో రాస్తే బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు, అందుకే ఈ కార్డు.

బీపీ పెరిగిందని డాక్టర్ చెబితేనే కదా సెలవు పెట్టి వచ్చావు! గండిమైసమ్మ గుడికి పోతే, మేము దర్శనం చేసుకునేలోపు కారులో కూర్చుని ఆఫీసు మీటింగ్‌లో చేరావు. నిన్ను పిలవడానికి వచ్చి మీ మేనేజర్ మాట నేనూ విన్నాను: "లీవ్‌లో ఉన్నావ్ కదా పరమేష్, ఎందుకొచ్చావ్?"

అవ్వకు చెబితే ఒకటే నవ్వు. "పిలువకున్నా పోయిండా? మీ మామ కొడుకు రమేష్ పెండ్లికి పిలిస్తే గూడ రాకపాయె!"

నాకు మాత్రం ఒళ్లు మండింది. నువ్వు లేకపోతే పని ఆగుతుందని కాదు, ఆగదేమోనని నీ భయం. నేను పొరబడ్డానేమో, అయినా చెబుతున్నా: నీ ఒక్కడికే తెలిసిన పని పక్కవాళ్లకు నేర్పు. సాయంత్రం లాప్‌టాప్ మూసి కాసేపు నడువు.

బీపీ గోలీలు వేసుకుంటున్నావా? చింతకాయ తొక్కు ఇక పంపను, ఉప్పెక్కువ. శనివారం డాక్టర్‌కు చూపించుకుని ఫోన్ చెయ్యి. అబద్ధమాడితే మరదలు భవితను అడుగుతా. బాపు పైకి ఏమీ అనడు గానీ, నా ఫోన్ మోగితే చాలు, టీవీ సౌండ్ తగ్గిస్తున్నాడు.

మీరిద్దరూ చల్లగా ఉండాలి.
అక్క