ఆయన ఒకటి, నేను ఐదు

అక్కా,

ఇవాళ నీ తద్దినం. నువ్వు పోయాక ఆయన్ని కట్టుకుని ఈ తెనాలి ఇంటికి వచ్చినదాన్ని, నేనే రాస్తున్నాను.

బాపట్లలో సైకాలజీ చదువుతున్న నీ కూతురు నిన్న వచ్చింది. మనిషి స్వభావం కొలిచే ప్రశ్నల కాగితాలట, మా ఇద్దరికీ చెరొకటి ఇచ్చింది. మనకి బాగా దగ్గరి మనిషిని తలుచుకుని, ప్రతి మాటకీ ఒకటి నుంచి ఐదు దాకా మార్కు వెయ్యాలి; అస్సలు కాదంటే ఒకటి, పూర్తిగా నిజమైతే ఐదు.

'ఆ మనిషి నన్ను వదిలి వెళ్ళిపోతారేమోనని భయపడుతుంటాను' అన్నచోట ఆయన్ని తలుచుకుని ఐదు వేశాను. ఆరుంటే ఆరే వేసేదాన్ని. పక్కకి తొంగిచూస్తే ఆయన ఒకటి వేశారు. నా మీద అంత నమ్మకమా అని పొంగిపోయి, డాక్టరు వద్దన్నా ఆయన కాఫీలో పంచదార వేశాను.

నీ కూతురు కాగితం చూసి, "అస్సలు భయం లేదా నాన్నా? ఎవర్ని తలుచుకున్నావేంటి?" అంది.

"మీ అమ్మనే. తనింకెక్కడికి పోద్దమ్మా?" అన్నారాయన నీ పటం వైపు చూస్తూ, ఆ కాఫీ తాగుతూనే.

పిల్ల నా మొహం చూడలేక కాగితాలు సర్దుకుంది.

ఏటా ఈ రోజున కొత్త చీర ముందు నీ పటం దగ్గర పెట్టి, తర్వాత నేను కట్టుకోవడం ఈ ఇంటి ఆనవాయితీ. ఈసారీ పేరాల నేత చీరే తెచ్చారు, నీకిష్టమైన ఆకుపచ్చలో. పొద్దున్నే స్నానం చేసి, నీకు చూపించకుండా కట్టేసుకున్నాను.

సాయంత్రం మడతపెట్టి నీ ముందు పెడతాను. ఈ ఒక్కసారికి, నేను విడిచింది నువ్వు తీసుకో.