ఫైరింజను నిచ్చెన

ఒమాహా, బుధవారం

వెండెల్,

క్షేమంగా చేరాను, నడుం నొప్పి కూడా లేదు, దిగులుపడకు.

మా ఒప్పందాల నిర్వాహకుల సంఘం సభ ఈ పొద్దున మొదలైంది. "ఈ పని చెయ్యాలని చిన్నప్పుడే అనుకున్నవాళ్ళు లేచి నిలబడండి!" అంది అధ్యక్షురాలు రొవీనా. హాలంతా ఒకటే నవ్వు, ఒక్కరూ లేవలేదు. నేనూ మన ఊరి మునిసిపల్ ఆఫీసులో టైపిస్టుగా చేరి, ఊరికి కొనేవాటి ఒప్పందాలు చూసే ఈ పనిలో పడ్డదాన్నే కదా. "అందుకే కాలేజీల్లో ఈ చదువు పెట్టించాం, పరీక్ష పెట్టి పట్టాలిస్తున్నాం. ఇకమీదైనా కావాలని వచ్చేవాళ్ళు ఉండొద్దూ?" అంది. అప్పుడు వెనక వరసలో ఒకమ్మాయి లేచింది. "మా అమ్మది ఇదే పనండీ. ఏ ఒప్పందం ఎక్కడ బెడిసికొట్టిందో భోజనాల దగ్గర కథలా చెప్పేది. నేనూ ఇదే చేస్తానని అప్పుడే అనుకున్నాను," అంది. నాకు మన హ్యాడ్లీ గుర్తొచ్చింది. మీ అమ్మ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే "ఆఫీసుకెళ్తుంది" అంటుంది, అంతే.

కుక్క చెవిలో మందు వెయ్యడం మరిచిపోకు. మీ అమ్మ ఇచ్చిన చికెన్ కూర ఫ్రీజర్లో ఉంది, పాడుచెయ్యకుండా తినండి. బాత్రూం కుళాయి బాగుచేయించావా?

హ్యాడ్లీ బడిలో తల్లిదండ్రులు వచ్చి తమ ఉద్యోగాల గురించి చెప్పే రోజుకు పోయినేడు నువ్వు ఒక్కడివే వెళ్ళావు. ఈసారి నేనూ వస్తానని టీచరుతో చెప్పు. నువ్వు ఎప్పట్లాగే మీ స్టేషన్ నుంచి ఫైరింజను తీసుకెళ్ళు, పిల్లల్ని ఎక్కించు, గంట కొట్టించు. దాని నిచ్చెన మన ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైన కిటికీకి అందాల్సిందేనని, అమ్మినవాళ్ళతో పోట్లాడి ఒప్పందంలో రాయించింది ఎవరో నేను చెబుతాను.

హ్యాడ్లీని ముందు వరసలో కూర్చోమను.

కోరిన్