ఎర్రగుట్ట తప్ప నావన్నీ

కునేనె సీమలో, ఓపువో పట్నానికి పడమటగా, ఎర్రగుట్ట కింది పల్లెలో కాపురముంటున్న ముకాజో అనే నేను, కాలం చేసిన చిపోసా పెద్దభార్యను, నా తదనంతరం నా వస్తువాహనాలు ఎవరికి చెందాలో చెప్పగా, మా బడి పంతులు ఎలిఫాస్ రాసిన వీలునామా ఏమనగా:

నా బుర్ర సరిగ్గానే పనిచేస్తోంది. ఆ మాట ముందు రాయకపోతే ఇది చెల్లదట. ఎలా రుజువు చేయాలని అడిగితే ఎలిఫాస్ నవ్వి, "మీ ఆవుల పేర్లు చెప్పండి అమ్మమ్మా, చాలు" అన్నాడు. చెప్పాను. చచ్చిపోయిన ఆవుల పేర్లు కూడా చెప్పబోతే ఆపేశాడు. ఒళ్ళు మాత్రం నా మాట వినడం లేదు. దవాఖానాలో డాక్టరు నా వీపు మీద గొట్టం పెట్టి విని, "ఇంటికెళ్ళి హాయిగా పాలు తాగు పెద్దమ్మా" అన్నాడు. మందు రాయని డాక్టరు ఏం చెబుతున్నాడో నాకు తెలుసు.

ఈ వీలునామా నా ఇష్టప్రకారం రాయిస్తున్నదే. ఎవరి బలవంతమూ లేదు. నా సవతి కజుపోచో గుడిసె గుమ్మంలో కూర్చుని, "ఎవరికేం ఇచ్చుకుంటావో నాకెందుకక్కా" అంటూనే చెవులు ఇటే పెట్టుకుని ఉంది. అది బలవంతం కిందికి రాదని ఎలిఫాస్ చెప్పాడు.

ఇందులోని పనులు జరిపించే బాధ్యత ఎలిఫాస్‌కీ, నా చెల్లెలు కరిపోసేకీ ఉమ్మడిగా అప్పగిస్తున్నాను.

1. నా తల్లివైపు నుంచి నాకు వచ్చిన పశువులు, వాటి దూడలు, వాటికి ముందుముందు పుట్టబోయేవీ, మా తల్లివైపు ఆచారం ప్రకారం చెల్లెలు కరిపోసేకి దఖలు పడాలి. మచ్చల ఆవు మాత్రం కజుపోచోది. ఆమె ఈ ఇంటికి కొత్తగా వచ్చిన ఏడు నా పాల సొరబుర్ర తీసుకుని, పగలగొట్టి, కుక్క పగలగొట్టిందని చెప్పింది. అప్పటికి మా ఇంట్లో కుక్కే లేదు. ఆ బుర్ర మా అమ్మ మలిచింది. ఇప్పటికీ దాన్ని తలచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా నా కూతురు పోయిన తర్వాత నేను అన్నం మానేస్తే, రోజూ నా దవడలు పట్టుకుని పుల్లపాలు పోసిందీ కజుపోచోయే. ఆవు ఆ పాలకి. బుర్ర సంగతి నేను క్షమించలేదు.

2. నా నూరుడు రాళ్ళు, పైదీ కిందిదీ, వెన్న దాచే కొమ్ము, సువాసన జిగురు ఉన్న తోలు సంచి, ఇంట్లో మిగిలి ఉన్న ఎర్రరాయి మొత్తం కరిపోసే తీసుకోవాలి. రాయిని దాచి పెట్టుకోవద్దు, వాడుకో. చెల్లెలా, నువ్వు ఎప్పుడూ తొందరపడి గరుకుగా నూరతావు. నీ పిల్లల ఒళ్ళు అందుకే గీసుకుపోయేవి. వేలి మీద పొడి ఉందని కూడా తెలియకూడదు, రంగు మాత్రం కనిపించాలి, అప్పటిదాకా నూరాలి. తర్వాతే వెన్న.

ఆ రాయికి పంతుళ్ళ దగ్గర వేరే పేరుంది. మాకు అది పెళ్ళికూతురి ఒళ్ళు, కొత్తగా పుట్టిన బిడ్డ నుదురు, మా జడలు, మా తోలు పావడాలు. ఎండ ఒంటిని కాల్చకుండా, దోమ కుట్టకుండా, నీళ్ళు లేని ఊళ్ళో ఒళ్ళు కంపు కొట్టకుండా కాపాడేది అదే. పొద్దున్నే అది పూసుకోకుండా బయటికి వస్తే నాకు బట్టల్లేకుండా వచ్చినట్టుంటుంది.

3. నా కూతురు వమేసెపాకి కూడా ఒక వాటా రాయమన్నాను. "చనిపోయినవాళ్ళకి వాటా ఉండదు అమ్మమ్మా" అన్నాడు ఎలిఫాస్. అయితే వాటా వద్దు, పేరు రాయి అన్నాను. పేరు రాస్తే ఎందుకు రాశావని అడుగుతారు. అందుకని జరిగింది కూడా రాయిస్తున్నాను.

వానలు వెనకబడ్డ ఏడు. వమేసెపా అత్తగారి ఊరి నుంచి, చంటిపిల్ల జినానీని వీపున కట్టుకుని రాయి కోసం వచ్చింది. పిల్లని నాకిచ్చి, గుట్ట పక్కనున్న పాత గుంటలోకి దిగింది. ఎప్పుడూ అదే ముందు దిగేది, సన్నగా ఉండేది కనక. లోపల్నుంచి, "అమ్మా, మెత్తటి రాయి తగిలిందే! వెన్న రాసినట్టు మెరుస్తోంది" అని అరిచింది. నేను బుట్ట తీసుకుని వంగాను. అప్పుడు గుట్ట పక్క జారింది. పెద్ద చప్పుడేం రాలేదు. పశువు అలిసిపోయి కూలబడినట్టు, అంతే.

మట్టిలోంచి ఒక చెయ్యి బయటికి ఉంది. మణికట్టు దాకా. నేను పట్టుకుంటే వేళ్ళు నా వేళ్ళని పట్టుకున్నాయి.

ఊరంతా వచ్చింది. ముహెంజే, మా ఊరి పెద్ద, నా భర్త తమ్ముడు, గోళ్ళు ఊడిపోయేదాకా చేతులతో తవ్వాడు. ఇటు తీస్తే అటు నుంచి వచ్చి నిండేది. రోడ్డు పనిలో ఉన్న తవ్వే బండిని తీసుకురావడానికి మనిషిని పరిగెత్తించారు. బండి నడిపే అతను వచ్చి, గుట్ట చుట్టూ తిరిగి చూసి, "అమ్మా, దీన్ని నేను ముట్టుకుంటే మిగతాది కూడా మీద పడుతుంది" అన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. వెళ్ళిపొమ్మని ఎవరూ అనలేదు. అతనూ వెళ్ళలేదు.

నేను వమేసెపాతో మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడాలో తెలియక ఇంటి సంగతులు చెప్పాను. మచ్చల దూడ తల్లి పాలు మానేసిందని, కజుపోచో లావెక్కిందని. నీ కూతురు ఏడవడం లేదే, నిద్రపోతోంది అన్నాను. అన్నప్పుడు గట్టిగా నొక్కింది. పొద్దు వాలుతుంటే వేళ్ళు వదులయ్యాయి. నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే తవ్వడం ఆపేస్తారని. కరిపోసే నా మొహం చూసి తెలుసుకుంది. అది కూడా చెప్పలేదు.

తర్వాత పెద్దలు గుంట మూసేసి, పైన రాళ్ళు పేర్చి, అక్కడే సమాధి అనుకోమన్నారు. అనుకున్నాను.

4. ఎర్రగుట్ట మీద నాకు ఏ హక్కూ లేదని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను. ఇది ఎలిఫాస్ రాసిన వాక్యం. దీని వెనక సంగతి నాది.

గుట్టలో ఇనుము ఉందని కంపెనీవాళ్ళు వచ్చారు. వాళ్ళతో రాళ్ళు చూసే అమ్మాయి ఒకతె ఉండేది, మంచిపిల్ల. గుట్ట మీది నల్లరాయి తీసి తెల్లపెంకు మీద గీసింది. నల్లరాయికి ఎర్రగీత పడింది. నన్ను చూసి నవ్వింది. నేనూ నవ్వాను. మా అమ్మ నాకు నేర్పిన మొదటి పని అదే, బండ మీద గీసి చూడడం. ఆ ఒక్క నిమిషం మేమిద్దరం ఒకే ఇంటి ఆడవాళ్ళలా ఉన్నాం.

ముళ్ళచెట్టు కింద సభ పెట్టారు. ఇది పట్టాలవుతుంది, వంతెనలవుతుంది, మీ వంటపాత్రలు కూడా దీనిలోంచి వచ్చినవే అని చెప్పారు. బోరు వేయిస్తాం, బడికి పైకప్పు వేస్తాం అన్నారు. నేను లేచాను. ఆడది సభలో లేవడమేంటని ఒకరిద్దరు గొణిగారు. "మీరు కొట్టే చోట నా కూతురుంది" అన్నాను. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. పక్కనున్న పెద్దాయన మర్యాదగానే, "అమ్మా, భూమి పైనున్నది మీది. కింద ఉన్నది ప్రభుత్వానిది. అది చట్టం" అన్నాడు.

"నా కూతురు కిందే ఉందయ్యా. అదీ ప్రభుత్వానిదేనా?" అన్నాను.

ఆయన కాగితాల వైపు చూశాడు.

తర్వాత ఆ అమ్మాయి నాతో గుట్టెక్కి, "చోటు చూపించండమ్మా, గుర్తు పెడతాను. ఇటు రానివ్వను" అని మేకులు కొట్టి నీలం గుడ్డలు కట్టింది. మనసులో మాటే అన్నది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆమెని ఇంకో ఊరికి పంపేశారు. గుడ్డలు మేకలు తినేశాయి. నేను వేరే గుడ్డలు కట్టాను. అప్పటికి కంచె వచ్చింది. కంచె దగ్గర కాపలా కుర్రాడు మా ఊరివాడే. ఒకరోజు నేను వెళితే తల ఎత్తకుండా, "ఇంక రాకు పెద్దమ్మా. ఆ పక్క అయిపోయింది" అన్నాడు.

"అయిపోవడమేంట్రా?"

"అంటే... లేదు. ఆ పక్క ఇప్పుడు లేదు."

ఏమైనా కనబడిందా అని అడిగాను. నా కూతురి కాళ్ళకి ఇనప పూసల కడియాలుండేవి. "బండి పళ్ళకి ఏది రాయో ఏది కడియమో ఏం తెలుస్తుంది పెద్దమ్మా" అన్నాడు. వాడి మీద నాకు కోపం లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఎవరైనా చెబితే ఇప్పటికైనా తెచ్చుకుంటాను.

5. ముహెంజేకి నా పొగాకు డబ్బా. ముందు ఏమీ ఇవ్వనని రాయించి, కొట్టేయించాను. కంపెనీ కాగితం మీద మొదటి వేలిముద్ర అతనిదే. ఆ తర్వాత నేను అతనితో మాట్లాడలేదు. ఒకసారి దారికి అడ్డంగా నిలబడి, "నేను వద్దంటే ఆగేవాళ్ళా వదినా? బోరు కూడా వచ్చేది కాదు" అన్నాడు. గోళ్ళు మళ్ళీ మొలిచాయి గానీ వంకరగా మొలిచాయి. అవి చూస్తే తిట్టాలన్న మాట నోట్లోనే ఆగిపోతుంది. బోరు నీళ్ళు నేనూ తాగుతున్నాను. డబ్బా ఇవ్వండి, మాట ఏమీ చెప్పకండి.

6. నా మెడలోని పెద్ద శంఖం తల్లి నుంచి కూతురికి వచ్చేది. మధ్యలో ఒకతె లేదు కనక, నా మనవరాలు జినానీకి నేరుగా చెందాలి. జినానీ సముద్రం ఒడ్డున రేవు పట్నం వాల్విస్ బేలో ఉంటుంది. గౌన్లు తొడుక్కుంటుంది. ఎర్రపూత పూసుకుంటే దుకాణంలో పనివ్వరట. "నిన్ను చూసి సిగ్గుపడి కాదు అమ్మమ్మా" అని ఏడ్చింది. నాకు తెలుసు బంగారూ. శంఖం వేసుకోకపోతే పోనీ, గోడకి తగిలించు. అమ్మొద్దు. నీ కడుపులో ఉన్నది ఆడపిల్లయితే దానికివ్వు, మగపిల్లాడైతే ఆడుకోనివ్వు.

7. నన్ను గుట్ట దగ్గర పెట్టమని అడగాలనుకున్నాను. అడగడం లేదు. అక్కడ ఏం మిగులుతుందో ఎవరికీ తెలియదు. నా భర్త పక్కన, పశువుల దొడ్డి దగ్గర పెట్టండి. పెట్టేముందు ఒళ్ళంతా ఎర్రపూత బాగా పట్టించండి. చెవుల వెనక మరిచిపోకండి. కరిపోసే నూరకూడదు, కజుపోచో నూరాలి.

8. జినానీ భర్త షివూటే గురించి. అతను రేవులో పనిచేస్తాడు. లారీల్లో, రైళ్ళలో వచ్చిన రాయిని ఓడలోకి ఎత్తే పని. పోయినసారి ఇద్దరూ వచ్చినప్పుడు, అతను పనిలోంచి తిన్నగా బస్సెక్కి వచ్చాడు. నాకు దణ్ణం పెట్టడానికి వంగితే, చొక్కా కాలరు ఎర్రగా ఉంది. చెవుల్లో, కంటి రెప్పల్లో కూడా. మా ఊరి మనిషిలా ఉన్నావే అని అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. "ఎంత తోమినా పోదు అమ్మమ్మా, ఏదో ఉత్తరం కొండల రాయట" అన్నాడు. అది మా గుట్ట రాయని అతనికి తెలియదు. జినానీకి తెలుసు. అది బయటికి వెళ్ళిపోయింది.

అతను నిద్రపోతుంటే ఆ చొక్కా నేను తీసుకున్నాను. బట్టలు ఉతకడం నాకు అలవాటు లేదు. బోరు దగ్గర్నుంచి నీళ్ళు తెచ్చి, రేకు బేసిన్‌లో పెట్టి, చేతులతో మెల్లగా పిసికాను. నీళ్ళు ఎర్రబడ్డాయి. చొక్కా పిండి ముళ్ళకంప మీద ఆరేశాను. తర్వాత బేసిన్ పట్టుకుని నిలబడ్డాను. ఆ నీళ్ళు ఎక్కడ పొయ్యాలో నాకు తెలియలేదు. దొడ్డి దగ్గర పోసేద్దామంటే పశువులు తొక్కుతాయి. ఇంటి వెనక పోసేద్దామంటే కోళ్ళు కెలుకుతాయి. కజుపోచో వచ్చి, "ఏంటక్కా, పారబొయ్యి" అంది. నా మొహం చూసి, బేసిన్‌కి ఆ వైపు తనూ పట్టుకుంది. ఇద్దరం దాన్ని మోసుకెళ్ళి గుడిసెలో నా పక్క దగ్గర దించాం. నీళ్ళు మెల్లగా ఎండిపోయాయి. అడుగున ఎర్రమట్టి మిగిలింది, పిడికెడు కూడా ఉండదు.

ఆ బేసిన్ ఇంకా అక్కడే ఉంది. దాన్ని ఎవరికి రాయాలో, ఏం చెయ్యమని రాయాలో నాకు తెలియడం లేదు. ఎలిఫాస్‌ని అడిగాను. అతను కలం పక్కన పెట్టేశాడు. మీలో ఎవరికైనా తోస్తే అలా చెయ్యండి. తోచకపోతే, బోర్లించకండి.

పైన రాసినదంతా ఎలిఫాస్ నాకు మా భాషలో చదివి వినిపించగా విని, సరిగ్గా ఉందని ఒప్పుకుని, ఇంతకుముందు నేను నోటితో చెప్పిన పంపకాలన్నీ రద్దు చేసి, నా ఎడమ బొటనవేలు ముద్ర వేస్తున్నాను.

తేదీ: 14 ఆగస్టు 2019, ఎర్రగుట్ట కింది పల్లె.

ముకాజో చిపోసా (వేలిముద్ర)

సాక్షులు:
1. సోఫియా, దవాఖానా నర్సు, ఓపువో (సంతకం)
2. యోనాస్, బోరు మెకానిక్, ఓపువో (సంతకం)

రాసినవాడు: ఎలిఫాస్, బడి పంతులు. కొట్టివేతలు ఐదో అంశంలో ఒకచోట ఉన్నవి, అవి చెప్పినావిడ ఇష్టప్రకారమే.