గోడ కట్టుకున్న పిట్ట

అక్కా,

ఫోన్లో చెబుదామని నీ నంబరు నొక్కి, నువ్వు "ఏరా" అనగానే "ఊరికే చేశాను" అని పెట్టేశాను. నోటితో చెప్పలేనిది కాగితం మీద పెడితే గుండె తేలికపడుతుందేమోనని రాస్తున్నాను. చదివాక నాకు ఫోన్ చేయకు. నీ మరదలికి అసలే చేయకు.

తను ఆసుపత్రిలో చేరి నెల దాటింది. బీపీ ఎక్కువగా ఉంది, మంచం దిగొద్దన్నారు. ఇంతకుముందు మూడుసార్లు ఏం జరిగిందో నీకు తెలుసు. ఈసారి ఏడో నెల దాకా వచ్చింది. ఆ మాట పైకి అనడానికే ఇద్దరికీ భయం.

జూలో డ్యూటీ దిగి, బట్టల మీద పక్షుల వాసనతోనే రోజూ వెళ్తాను. తనకి పళ్ళూ పూలూ అక్కర్లేదు, కబుర్లు కావాలి. నిప్పుకోడి కన్ను దాని మెదడు కన్నా పెద్దదని చెబితే పక్క మంచం ముసలమ్మ, "మా ఆయనా అంతేనయ్యా, చూపులే తప్ప బుర్ర ఉండేది కాదు" అంది. వార్డంతా నవ్వింది. గుడ్లగూబ కనుగుడ్లు తిప్పలేదు, అందుకే మెడ తిప్పుకుంటుందంటే, "నన్ను పక్కకి ఒత్తిగిలడానికి కూడా అడగమంటున్నారు, దానికంటే నా బతుకే అన్యాయం" అంది నీ మరదలు.

కానీ తను ముందు అడిగేది దొరసాని సంగతి. మా దగ్గర హార్న్‌బిల్ జంట ఒకటి ఉంది. ముక్కు మీద ఇంకో ముక్కు బోర్లించినట్టుండే పెద్ద పక్షులు. మగదాన్ని దొరగారనీ, ఆడదాన్ని దొరసాని అనీ పిలుస్తాం. వీటి కాపురం విడ్డూరం. గుడ్లు పెట్టే వేళకి ఆడది తొర్రలో దూరి, మట్టితో, తన రెట్టతో వాకిలిని లోపలినుంచి మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం ఉంచుకుంటుంది. లోపలున్నప్పుడే దాని రెక్కల ఈకలు రాలిపోతాయి, ఇక ఎగరలేదు. మగది పళ్ళు గొంతులో దాచుకొచ్చి, ఒక్కొక్కటే పైకి తెచ్చి ఆ సందులోంచి అందిస్తుంది. మేము బోలు దుంగ ఒకటి వేలాడదీశాం. దొరసాని అందులో చేరిన వారంలోనే తనూ ఆసుపత్రిలో చేరింది. "చూద్దాం, ఎవరం ముందు బయటపడతామో" అంది.

దొరగారు పోయాడక్కా. ఊపిరి జబ్బు. నేను వెళ్ళేసరికి నేలమీద ఉన్నాడు, తినిపించాల్సిన పళ్ళు గొంతులోనే ఉండిపోయాయి. లోపల పిల్ల కీచుమంటోంది. పట్టకారుతో బొప్పాయి ముక్క పెడితే దొరసాని వెనక్కి జరిగిపోతోంది. దొరగారు ముక్కుతో తట్టినట్టు దుంగ మీద వేలితో తట్టాను. సందులో కన్ను కనిపించింది. నన్ను చూసి మళ్ళీ చీకట్లోకి పోయింది.

నీ మరదలితో మాత్రం దొరగారు ఇవాళ ద్రాక్షపళ్ళు తినిపించాడని చెబుతున్నాను. చచ్చిపోయినవాడి చేత రోజూ కాపురం చేయిస్తున్నాను.

అసలు సంగతి ఇది కాదు. మొన్న లేడీ డాక్టరు నన్ను గదిలోకి పిలిచింది. "ఇంకా ఆగితే బిడ్డకి మంచిది. తల్లికి మాత్రం ఏ క్షణాన ఏమవుతుందో చెప్పలేను. బీపీ ఇంకాస్త పెరగగానే తీసేస్తే తల్లి గట్టెక్కుతుంది, బిడ్డ నిలవకపోవచ్చు. మీరేమంటారు?" అంది. నేను ఆలోచించలేదు. ఆలోచిస్తున్నట్టు నటించను కూడా లేదు. "ఆగొద్దు. తనని బతికించండి" అన్నాను. ఆ బిడ్డ కోసం మంచానికి అతుక్కుపోయిన మనిషి వెనక నేను చేసిన పని ఇది. తెలిస్తే నా మొహం చూస్తుందా?

నీ తమ్ముడు

*

అక్కా,

"దానికి చెప్పెయ్యరా, దాచకు" అని రాశావు. చెప్పలేకపోయాను. ఇప్పుడు వేరే మాట చెప్పి ఇంకా పెద్ద పాపం చేశాను.

ఇవాళ పొద్దున దొరసాని తన గోడ తనే పగలగొట్టుకుంది. సగం మొలిచిన రెక్కలతో కింద పడి, ఎముకల గూడులా ఉన్న ఒంటితో పాక్కుంటూ వెళ్ళి తొట్టెలో పళ్ళు మింగింది. దుంగలో పిల్ల అరుస్తోంది. అది తల తిప్పి చూడలేదు. "తల్లి వదిలేసినట్టే, రేపు దుంగ కోసి పిల్లని తీద్దాం" అన్నాడు పశువుల డాక్టరు. అంతలోనే ఆసుపత్రి నుంచి ఫోను.

నేను వెళ్ళేసరికి నీ మరదలిని ఆపరేషన్ గదికి తోసుకెళ్తున్నారు. మొహం వాచిపోయి ఉంది. నా చెయ్యి పట్టుకుని, "దొరసాని ఎలా ఉంది?" అంది. ఇన్నాళ్ళూ తడుముకోకుండా చెప్పిన అబద్ధం ఆ ఒక్కసారి నోట్లోంచి రాలేదక్కా. "దొరగారు ఎప్పుడో పోయాడు. అది పిల్లని వదిలేసి బయటికొచ్చేసింది" అన్నాను. తన మొహం అదోలా అయిపోయింది. ఏదో అనబోయింది. తలుపులు మూసుకున్నాయి.

ఆ మాటతో తన ప్రాణం నేనే తీసేశాననిపిస్తోంది. తలుపు ముందు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. అది తెరుచుకుంటే ఎవరి గురించి చెబుతారో. తెరుచుకోకుండా ఉంటే బాగుండుననిపిస్తోంది.

నీ తమ్ముడు

*

వదినా,

ఈసారి మీ తమ్ముడు కాదు, నేను రాస్తున్నాను. నేను బతికే ఉన్నాను. ఆడపిల్ల. అరచేతిలో పట్టేలా ఉంది, గాజుపెట్టెలో పెట్టారు. నిలుస్తుందో లేదో ఇంకా చెప్పడం లేదు.

నాకు తెలివి రాగానే మీ తమ్ముడు మంచం పట్టె పట్టుకుని అంతా చెప్పేశారు. తిట్టమని తల వంచుకున్నారు. ఎలా తిట్టను వదినా? ఆయన్ని పిలవకముందే లేడీ డాక్టరు నన్ను అడిగింది. "నన్ను బతికించండి" అన్నాను. "మా ఆయనకి మాత్రం చెప్పకండి" అని కూడా అన్నాను. మూడుసార్లు నా ఒళ్ళంతా కడుపులోని బిడ్డలకే ఇచ్చి ఖాళీ చేతులతో ఇంటికెళ్ళాను. నాలుగోసారి నాకు బతకాలనిపించింది. రోజూ సాయంత్రం ఆయన వచ్చి, చీకట్లో రెక్కలు రాల్చుకుని కూర్చున్న ఆ పిట్ట కథ చెబుతుంటే, పిట్టపాటి తల్లిని కూడా కాలేకపోయానని నాలో నేను కుమిలిపోయేదాన్ని. అది బయటికొచ్చేసిందన్నప్పుడు నా మొహంలో ఆయన చూసింది బాధ కాదు. అదీ నాలాంటిదేనని ఊపిరి వచ్చింది, అంతే.

ఇదంతా చెబితే మీ తమ్ముడు నేలమీద కూలబడి ఏడ్చారు. పక్క మంచం ముసలమ్మ, "నీ పెళ్ళాం గొంతెండిపోయి ఉంటే నువ్వు ఏడుస్తావేంటయ్యా, లేచి నర్సుని పిలువు" అని కసిరింది.

మర్నాడు ఆయన జూకి వెళ్ళొచ్చారు. దుంగ కోయడానికి నిచ్చెన ఎక్కి చూస్తే, తల్లి పగలగొట్టిన కంత సగానికి పైగా పూడిపోయి ఉందట. లోపల ఒంటరిగా ఉన్న పిల్ల, ఈకలు కూడా సరిగా రానిది, తన రెట్టా పళ్ళ గుజ్జూ ముక్కుతో అద్ది గోడ మళ్ళీ కట్టుకుంటోందట! పశువుల డాక్టరు రంపం కింద పెట్టి దిగిపోయాడు. వీటి పిల్లలు అలా చేస్తాయని చదివాడట గానీ, కళ్ళారా చూడటం అదే మొదటిసారట. కాసేపటికి దొరసాని కొమ్మ మీంచి కొమ్మకి గెంతుకుంటూ పైకెక్కి, దుంగని ముక్కుతో తట్టి, సందులోంచి పండు అందించింది. అది వదిలేసి పోలేదు వదినా. తినడానికి వెళ్ళింది.

ఇవాళ నన్ను చక్రాల కుర్చీలో బిడ్డ దగ్గరికి తీసుకెళ్ళారు. మొహం చూడటానికి ధైర్యం చాల్లేదు, కాళ్ళకేసి చూస్తూ కూర్చున్నాను. "మాట్లాడమ్మా, నీ గొంతు గుర్తుపడుతుంది" అంది నర్సు. ఏం మాట్లాడను? ముద్దు మాటలేవీ నోటికి రాలేదు. గాజుకి దగ్గరగా వంగి ఉన్నమాటే చెప్పాను: "ముందు నన్నే బతికించమన్నాను తల్లీ. అందుకే ఇక్కడున్నాను. నువ్వూ ఉండు."

మీ మరదలు